ఇద్దరికీ ఒకటే నంబరు

గుంటూరులో కాన్పులూ పిల్లల వైద్యమూ చూసే ఒక ఆసుపత్రిలో నేను పదకొండేళ్ళు రికార్డు గది చూశాను. చూశాను అంటే అదేదో పెద్ద ఉద్యోగం అనుకునేరు. మెట్ల కింద గది. మూడు వైపులా ఇనుప ర్యాకులు, నాలుగో వైపు ఒక కిటికీ. మిర్చి సీజన్లో ఆ కిటికీ తెరిస్తే ఘాటు, మూస్తే ఉక్క. కేస్ షీట్లు నంబర్ల వరసన సర్దడం, డాక్టరమ్మ అడిగిన ఫైలు నిమిషంలో తీసి ఇవ్వడం నా పని. ఎంత పాత ఫైలైనా నా చెయ్యి దానంతటదే వెళ్ళి దాని మీద పడేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు, నలుగురికీ తెలియాలని కూడా ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా కౌంటరు మీదకి కంప్యూటరు వచ్చింది. పెట్టడానికి వచ్చినాయన, ఒక మనిషికి ఒకటే నంబరు ఉండాలనీ, ఇద్దరు ముగ్గురుగా కనిపిస్తే మొత్తం గందరగోళం అవుతుందనీ చెప్పాడు. ఒకే మనిషికి రెండు ఫైళ్ళు ఎందుకుంటాయో ఆయనకి ఎంత చెప్పినా అర్థం కాలేదు. మొదటి కాన్పుకి పుట్టింటివాళ్ళు తీసుకొస్తారు, వాళ్ళ ఇంటిపేరుతో చీటీ రాయిస్తారు. ఆర్నెల్ల తర్వాత అదే అమ్మాయి అత్తగారితో వస్తే ఇంకో ఇంటిపేరు, ఇంకో ఊరు, ఇంకో చీటీ. భర్త పేరు అడిగితే తను నోరు విప్పదు, పక్కన ఎవరుంటే వాళ్ళు చెప్పాలి. వాళ్ళేమో ఇంట్లో పిలిచే పేరు చెప్తారు. కొందరు మరీను. పాత చీటీ సంచిలో భద్రంగా ఉంటుంది, బయటికి మాత్రం తియ్యరు. "అది మాకు అచ్చిరాలేదండి, కొత్తది రాయండి" అంటారు. చీటీ మారిస్తే జ్వరం తగ్గుతుందా అని కసురుకుంటూనే రాసిచ్చేదాన్ని.

ఈ రెండేసి ఫైళ్ళని ఒకటి చేసే పని డాక్టరమ్మ నాకు అప్పగించారు. ఐదు నెలలు పట్టింది. పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడూ కలిస్తే ఒకరే అన్నది నేను పెట్టుకున్న పద్ధతి. వయసుని లెక్కలోకి తీసుకోలేదు. మా దగ్గరికొచ్చేవాళ్ళు వయసు చెప్పే తీరు నాకు కొత్తా? "పొగాకు ధర పడిపోయిన యేడు పుట్టింది, మీరే రాసుకోండి" అనేవాళ్ళు. రెండు ఫైళ్ళలో కొత్తది ఉంచేదాన్ని. పాతదాంట్లోంచి పుట్టినప్పటి బరువు, బ్లడ్ గ్రూపు, పెద్ద జబ్బులేమైనా ఉంటే అవీ ఒక కాగితం మీదకి ఎక్కించి కొత్తదానికి కుట్టేదాన్ని. మిగతా కాగితాలు గోతాల్లో తొక్కి చిత్తుకాగితాలవాడికి వేసేవాళ్ళం. ర్యాకులు సగం ఖాళీ అయ్యాయి. డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడి చూసి, "ఇప్పటికి గాలాడుతోంది" అన్నారు. ఆ మాటకి వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

ఆ గోతాల్లోకి పోయినవాటిల్లో ఒక ఆడపిల్ల ఫైలు ఉంది. వందల ఫైళ్ళలో అదొక్కటే గుర్తుండటానికి కారణం, దాన్ని చూసి వాళ్ళమ్మని తిట్టుకోవడం. పిల్ల మా దగ్గరే పుట్టింది. కామెర్లు వస్తే ఎనిమిది రోజులు లైటు కింద పెట్టారు. తొమ్మిదో నెల టీకా దాకా తప్పకుండా వచ్చారు. అక్కడితో సరి, మళ్ళీ అతీగతీ లేదు. నాలుగేళ్ళ తర్వాత ఒక కొత్త చీటీ, కొత్త ఫైలు. అదే పేరు, అదే తండ్రి, అదే ఊరు. వయసు మాత్రం రెండేళ్ళు తగ్గించి వేయించారు. తొమ్మిది నెలలకే టీకాలు మానేసింది, కన్న పిల్ల వయసు కూడా చెప్పడం చేతకాదు, ఇదేం తల్లి అనుకుంటూ రెండూ కలిపేశాను. ఐదు నిమిషాల పని.

తర్వాతి ఏడాది, పత్తి తీతల రోజుల్లో, ఆ పిల్లని జ్వరంతో తీసుకొచ్చారు. తల్లి, నాయనమ్మ వెంట ఉన్నారు. నేను ఫైలు తీసుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెట్టి పక్కన నిలబడ్డాను. ఆవిడ నేను కుట్టిన కాగితం చూశారు.

"ఈ పిల్లకి పుట్టినప్పుడు కామెర్లు వచ్చినయ్యి కదమ్మా? ఎనిమిది రోజులు ఇక్కడే ఉంచాం."

"అవునండి, ఈ పిల్లే," అంది నాయనమ్మ.

"కాదండి," అంది తల్లి.

నాయనమ్మ కోడలి వైపు చూసింది. "ఊరుకోవే. అదీ ఇదీ ఒకటేగా."

"ఒకటి కాదు డాక్టరుగారూ. కామెర్లొచ్చింది పెద్దదానికి. అది పోయింది. ఇది చీరాలలో మా అమ్మోళ్ళ దగ్గర పుట్టింది, ఇక్కడ కాదు."

"పోయిందే మళ్ళీ వచ్చిందండి," అంది నాయనమ్మ, ఏమాత్రం తడుముకోకుండా. "దానికి ఎడం చెవి కింద పుట్టుమచ్చ ఉండేది. దీనికీ అక్కడే ఉంది, చూడండి. అందుకే ఆ పేరే పెట్టాం." పిల్ల తల పక్కకి తిప్పి మచ్చ చూపించింది. జ్వరంలో ఉన్న పిల్ల ఎటు తిప్పితే అటు తిరిగింది.

ఇది నాకు తెలియని ఆచారమైతే వేరే మాట. మా అమ్మ పేరు మా అమ్మది కాదు. ఆమెకన్నా ముందు పుట్టి మూడేళ్ళకి పోయిన అక్కది. మా అమ్మమ్మ ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టుకునే ఇంట్లో పుట్టి, అదే పేరు రెండు ఫైళ్ళ మీద కనిపిస్తే నాకు తట్టింది ఆ తల్లి బద్ధకం, చేతకానితనం. తొమ్మిదో నెల తర్వాత వాళ్ళు ఎందుకు రాలేదో ఒక్క క్షణం ఆలోచించలేదు.

డాక్టరమ్మ పిల్లకి రక్తం తీయించారు. గ్రూపు వేరే వచ్చింది. నేను కాగితం మీద రాసింది చనిపోయిన పిల్లది. "రక్తం ఎక్కించాల్సి వచ్చుంటే ఏమయ్యేదో తెలుసా?" అని మాత్రం అన్నారు, అరవలేదు. ఎక్కించేముందు ఎలాగూ పరీక్ష చేస్తారుగా అని నాకు నేను చెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడం కూడా ఒక పనితనమే. పిల్లని రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచమన్నారు. జ్వరం నెమ్మదిగా దిగుముఖం పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ తల్లి మెట్ల కింద నా గదికి వచ్చింది. నాకన్నా చిన్నది, ముప్పై కూడా ఉండవు. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి వచ్చింది. రాత్రంతా పిల్ల పక్కన కూర్చున్న మొహం. గొడవకి వచ్చిందనుకుని నేను ముందే జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"ఏవండీ, మా పెద్దదాని కాగితాలు ఉంటయ్యా ఇక్కడ?"

"ఎందుకమ్మా?"

"అది పుట్టినప్పుడు నర్సమ్మ దాని పాదానికి సిరా పూసి కాగితం మీద అద్దింది. నేను చూశా. నాలుగు స్నానాలు పోసినా మడమన నీలం పోలేదు. ఆ కాగితం ఒక్కసారి చూపిస్తారా? ఇవ్వొద్దులెండి. చూసి ఇచ్చేస్తా."

మా ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకీ, పిల్లలు తారుమారు కాకుండా, కేస్ షీటు వెనక పాదం ముద్ర వేసేవాళ్ళు. నేను రోజూ చూసే నీలం మరకలే అవి. ఆ ముద్రలు చూడటానికి ఎవరూ ఎప్పుడూ రాలేదు.

"ఇంట్లో ఫోటో లేదా?" అన్నాను. మాట పొడిగించడానికి అడిగాను, అంతే.

"ఏడాది నిండకుండా ఫోటో తియ్యకూడదన్నారండి. పదో నెల్లో పోయింది. వాంతులు, విరేచనాలు. ఆ రోజు వాగు పొంగి బస్సు రాలేదు." ఈ మాటలు చాలాసార్లు చెప్పుకున్నట్టు గబగబా అనేసింది. ఆ తర్వాతివి మాత్రం మెల్లగా వచ్చాయి. "గుడ్డలన్నీ అప్పుడే తీసేశారు. ఇది పుట్టినాక ఇంక దాని మాటే ఎత్తనియ్యరు. తిరిగొచ్చిందిగా, ఇంకెందుకు ఏడుస్తావంటారు. మా ఆయనా అంతే. అందరూ అట్టా అంటంటే, అసలు నేను కన్నది ఇద్దర్నా ఒక్కదాన్నా అని నాకే అనుమానం వచ్చిద్దండి ఒక్కోసారి. నిన్న డాక్టరుగారు కామెర్ల సంగతి చదివారు చూడండి, అప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో లేకపోతే పోనీ, ఇక్కడన్నా రాసుందిలే అనుకున్నా."

నేను లేచి ర్యాకు వైపు తిరిగాను. వెతుకుతున్నట్టు నటించడానికే తిరిగాను. నా ఎదురుగా వందల పాదాలు ఉన్నాయి. ఏ ఆడపిల్లదైనా ఒకటే, అంతే నీలం, అంత చిన్నది. ఆమెకి చదువు రాదు, నిన్న కౌంటరులో వేలిముద్ర వేయడం చూశాను. చూసి ఇచ్చేస్తానంది కూడా. ఏం పోతుంది? ఒక ఫైలు సగం దాకా బయటికి లాగాను. ఇది ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు.

లాగి వెనక్కి చూశాను. ఆమె రెండు చేతులూ చీర కొంగుతో తుడుచుకుంటోంది. వేళ్ళ సందులు కూడా తుడుచుకుంటోంది, కాగితానికి తడి అంటకుండా.

ఫైలు లోపలికి నెట్టేశాను. "లేదమ్మా," అన్నాను. "నేనే పారేశాను. పేరు ఒకటే ఉంటే, ఇద్దరూ ఒకరే అనుకుని కలిపేశాను. పాత కాగితాలు పోయినయ్యి. ఇంక దొరకవు."

కాసేపు ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు వదిలేసింది.

"మీరు కూడానా," అంది.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. తిట్లకి జవాబులు సిద్ధంగానే ఉన్నాయి. ఆ ఇంట్లోవాళ్ళైనా ఒక నమ్మకంతో, పోయిన బిడ్డ మీద ఆశతో ఇద్దర్నీ ఒకటి చేసుకున్నారు. నేను ర్యాకు ఖాళీ చేయడానికి చేశాను. నాకు ఏడుపు ఆగలేదు. విచిత్రం, ఆమె ఏడవలేదు. వెళ్ళిపోనూ లేదు. నా స్టూలు మీద కూర్చుంది.

ఎప్పటికో ముక్కు తుడుచుకుని, ర్యాకు అడుగున ఉన్న పాత రిజిస్టరు తీశాను. ఫైళ్ళు పారేశాను గానీ రిజిస్టర్లు పారేయలేదు. ఆ పిల్ల నంబరు దొరికింది, ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి ఉంది. గీత నాదే. పక్కనే అదే నంబరు మళ్ళీ రాశాను. తెల్ల కేస్ షీటు ఒకటి తీసుకుని పైన పేరు రాసి, "చెప్పమ్మా, నీకు గుర్తున్నవి చెప్పు. రాస్తాను," అన్నాను. ఇదేం వైద్యం రాతో, ఎవరికి పనికొస్తుందో నేను ఆలోచించలేదు.

ఆమె మొదట తడబడింది. మిరపకాయలు కల్లంలో ఉన్న రోజులు, తెల్లారుజామున పుట్టిందంది. రాశాను. ఏడుస్తుంటే గాజులు గలగలలాడిస్తే ఊరుకునేదంది. "చిన్నది అట్టా కాదండి, దాన్ని ఎత్తుకోవాల్సిందే." అదీ రాశాను. మజ్జిగ నోటికందిస్తే గిన్నె వదిలేది కాదట. నిద్రలో ఎడం చెయ్యి తల కింద పెట్టుకునేదట. పోవడానికి వారం ముందు గడప పట్టుకుని నిలబడి, తనే భయపడి కూలబడిందట. అది చెప్పేటప్పుడు నవ్వింది కూడా. చిన్నదానికీ పెద్దదానికీ తేడాలు ఎన్ని చెప్పిందో. ఇన్నాళ్ళూ ఎవరూ అడగక లోపలే దాచుకున్నవన్నీ వరసగా వచ్చాయి. నేను మూడో కాగితం తీసుకున్నాను.

"పాదం ఎంతుండేది పుట్టినప్పుడు?"

తన చూపుడు వేలు కాగితం మీద ఆనించింది. "ఇంతే." వేలు పక్కనే పెన్సిల్‌తో గీత గీశాను. ఆమె వేలు తీసి ఆ గీతని చాలాసేపు చూసింది. అది పాదం కాదు, ఉత్త గీత. అది మా ఇద్దరికీ తెలుసు.

చివరికి, "చదవండి," అంది. పేరుతో మొదలుపెట్టి మూడు కాగితాలూ చదివాను. "ఇంకోసారి," అంది. మళ్ళీ పేరు చదివాను. అక్కడే ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ పేరు మా ఇంట్లో పొద్దస్తమానం వినపడతానే ఉంటదండి. ఎవరు పిలిచినా చిన్నదే పలుకుద్ది," అంది. "అది పోయినాక, దాన్ని ఆ పేరుతో పిలిచింది మీరొక్కరే."