ముల్లక్క ఏడో కార్ట్రిడ్జ్

కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే ఆమెని అందరూ ముల్లక్క అంటారు. మాటలో ముల్లుండి వచ్చిన పేరు కాదు. రికార్డ్ ప్లేయర్‌లో గిర్రున తిరిగే రికార్డుని తాకుతూ పాటని పైకి తీసే సన్నటి ముల్లొకటి ఉంటుంది కదా, దానిమీద ఉన్న పిచ్చివల్ల వచ్చింది. ఆ ముల్లునీ, అది బిగించి ఉండే బొటనవేలంత డబ్బానీ కలిపి కార్ట్రిడ్జ్ అంటారు. ముల్లక్క దగ్గర అలాంటివి ఏడున్నాయి. ఏడూ చవకరకాలే.

ఎనిమిదేళ్ళ క్రితం ఆమెకి వీటి ఊసే తెలియదు. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. ఒక ఆఫీసు ఖాళీ చేసేవాళ్ళు, లిఫ్టు దగ్గర అడ్డంగా ఉందని, ఒక రికార్డ్ ప్లేయర్‌ని ఆయన చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి చూస్తే కార్ట్రిడ్జ్ లేదు. ముల్లక్క ఉన్నవాటిలో చవకది తెప్పించి, ఆదివారం పొద్దున్నే కళ్ళద్దాలు బిగించే చిన్న స్క్రూడ్రైవర్‌తో కూర్చుంది. తల వెంట్రుకలంత సన్నటి తీగలు నాలుగు, నాలుగు రంగులు. పొడుగాటి పట్టుకారుతో ఒక్కొక్కటే తగిలించింది. పాట మొదలైంది. భర్త చెవి ఒగ్గి విని, "పాట బాగానే ఉందిగానీ, ఆ పాడే ఆయన గోడవతల నుంచుని పాడుతున్నట్టుందే!" అన్నాడు.

ముల్లక్క మళ్ళీ విప్పింది. తెల్ల తీగా నీలం తీగా ఒకదాని చోట ఒకటి పడ్డాయి. మార్చి పెట్టింది. అంతే! గోడవతలి మనిషి గదిలోకి నడిచొచ్చి నట్టనడుమ నుంచుని పాడాడు. ముల్లక్కకి ఒళ్ళు జల్లుమంది. ఆ పూట పొయ్యి వెలగలేదు.

అప్పటినుంచి ఆమె ఒక నియమం పెట్టుకుంది. మామూలు కళ్ళద్దాల ఫ్రేముకి ఎంతవుతుందో అంతకుమించి ఏ కార్ట్రిడ్జ్‌కీ పెట్టకూడదు. ఆ హద్దులోనే వెతికి వెతికి తెప్పించింది. ఒకదానికి గయ్యాళి అని పేరు పెట్టింది, 'స' అనే అక్షరం వస్తే చాలు బుసకొడుతుంది కనక. ఇంకొకటి బద్ధకిష్టు, తాళాలు మోగినా దుప్పట్లోంచి వినిపించినట్టే. ఏడోది ఆకుపచ్చ డబ్బాది. దాన్ని బిగించిన రోజు భర్తని భుజం పట్టి కుదిపేసింది. "ఏమండీ, విన్నారా? పాడే ఆవిడ ఊపిరి తీసుకుంటోంది! పాటకి ముందు ఊపిరి!" దానికి బంగారు అని పేరు పెట్టింది.

ఇలా ఉండగా ఒక గురువారం గ్రంథాలయం గోడమీద ఒక నోటీసు కనిపించింది. కింది గదిలోని రెండు వేల పైచిలుకు రికార్డుల్ని తీసివేయబోతున్నారట. ప్లేయర్ కార్ట్రిడ్జ్ పాడైంది, అలాంటిదే కొత్తది కొనే స్తోమత లేదు అని కారణం రాశారు. ముల్లక్క ఆ నోటీసుని రెండుసార్లు చదివి తిన్నగా లైబ్రేరియన్ గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, అలాంటిదే ఎందుకండీ? మా ఇంట్లో ఉన్నది పెట్టి వినిపిస్తాను. మీరే చెప్పండి."

లైబ్రేరియన్ ఆమెని ఎగాదిగా చూసింది. "నాదేముందమ్మా, కమిటీ ఒప్పుకోవాలి. అందులో సంగీతం మాస్టారున్నారు. చవక సరుకంటే ఆయనకి గిట్టదు. శనివారం పదింటికి కూర్చుంటారు, వచ్చి చూపించు."

శనివారం ముల్లక్క బంగారుని దూదిలో పెట్టుకుని బయల్దేరింది. "నేనూ వస్తానమ్మాయ్, ఇంట్లో కూర్చుని గోడలు చూడనా?" అంటూ అత్తగారు వెంటపడింది. ఆవిడ ఒకప్పుడు నూలు మిల్లులో పనిచేసిన మనిషి.

సంగీతం మాస్టారు తన ఇంటి కార్ట్రిడ్జ్‌ని వెల్వెట్ పెట్టెలో తెచ్చారు. "పక్కపక్కన పెట్టి విందాం. తేడా పసిపిల్లలకైనా తెలుస్తుంది," అన్నారు.

"చూడకుండా వినాలి మాస్టారూ," అంది ముల్లక్క. "నేను తెర వెనకాల మారుస్తాను. ఏది ముందో మేడమ్ చీటీ తీసి నాకొక్కదానికే చెబుతారు. శబ్దం రెండిటికీ ఒకే స్థాయిలో ఉండేట్టు కూడా వారే చూస్తారు."

కమిటీవాళ్ళు నలుగురూ కుర్చీల్లో సర్దుకున్నారు. ఏ రికార్డు పెడదామా అని బీరువాలు చూస్తుంటే, కిటికీ దగ్గర్నించి అత్తగారి గొంతు వచ్చింది. "మా మిల్లు ఆడవాళ్ళ పాట ఉందేమో చూడండి. మా అందరిచేతా పాడించి రికార్డు చేశారు. రెండో వరసలో నేనే. చరణం చివర దగ్గొచ్చేసింది, ఆపుకోలేకపోయాను. మళ్ళీ పాడించే తీరిక లేక అలాగే ఉంచేశారు."

ఆ రికార్డు ఉంది! లైబ్రేరియన్ దుమ్ము తుడిచి తెర వెనక్కి అందించింది. రోజూ గోరంత మరలు బిగించే చేతులతో ముల్లక్క మొదటి కార్ట్రిడ్జ్ బిగించింది. ముల్లు రికార్డు మీద మోపే బరువుని రెండు గ్రాములకి సరిచేసి ముల్లు దింపింది.

మొదటిసారి పాట చక్కగానే సాగింది. చరణం చివర ఏదో టప్‌మన్నట్టు అనిపించింది, అంతే. ముల్లక్క మార్చింది, బరువు సరిచేసింది. రెండోసారి పాట మొదలవగానే నలుగురూ కుర్చీల్లో ముందుకి వంగారు. ముప్పైమంది ఆడవాళ్ళు వరసలు వరసలుగా ఎదురుగా నుంచున్నట్టే ఉంది. చరణం ముగిసింది. రెండో వరసలో ఎడమవైపు ఒక పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఖళ్ళున దగ్గింది.

"అదిగో! నేనే! నేనే!" అత్తగారు లేచి నిలబడింది. గదంతా గొల్లుమంది. అత్తగారు ముఖం చేటంత చేసుకుని, "పందొమ్మిదేళ్ళు నాకప్పుడు," అని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది.

"సందేహమేముంది? రెండోది నాదే," అన్నారు మాస్టారు.

లైబ్రేరియన్ తెర లాగింది. ప్లేయర్ మీద ఆకుపచ్చ డబ్బా.

మాస్టారు లేచి దగ్గరికెళ్ళి ఆ డబ్బాని వంగి చూశారు. ముల్లక్కకి ఎగిరి గంతేయాలనిపించింది కానీ, ఆయన ముఖం చూసి ఆగింది. సంచిలోంచి దుకాణంలో వాడే భూతద్దం తీసి, ఆయన కార్ట్రిడ్జ్‌ని వెలుతురులో పెట్టి చూసింది.

"ముల్లు మార్చి ఎన్నాళ్ళయింది మాస్టారూ?"

"మార్చడమేమిటి? కొని పదేళ్ళయింది. రోజూ వింటాను."

"మీరే చూడండి. మొన బల్లపరుపుగా అరిగిపోయింది. ఇంకా ఇలాగే వాడితే రికార్డు గాడిని చెక్కేస్తుంది. కొత్త ముల్లు వేస్తే మీదే గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఇక్కడ అంత ఖరీదైనది అక్కర్లేదండీ."

మాస్టారు భూతద్దంలోంచి చాలాసేపు చూశారు. తరవాత కమిటీవాళ్ళ వైపు తిరిగి, "ఈ అమ్మాయి చెప్పింది తెప్పించండి," అన్నారు. "నాకూ ఒకటి. నా ముల్లు వచ్చేదాకా పాట లేకుండా నేనుండలేను."

నోటీసు ఆ మధ్యాహ్నమే ఊడింది. ఇప్పుడు ప్రతి శనివారం పది నుంచి ఒంటిగంట దాకా కింది గదిలో ఎవరైనా వచ్చి రికార్డులు వినవచ్చు. మొదటి వారం పదకొండుమంది వచ్చారు. మూడో వారానికి కుర్చీలు చాలక మెట్లమీద కూర్చున్నారు. ఇంట్లో మూలపడిన ప్లేయర్లని చంకలో పెట్టుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి తీగలెక్కడ తగిలించాలో, ముల్లు బరువెలా తూచాలో ముల్లక్క చూపిస్తుంది. సంగీతం మాస్టారు పక్కనే కూర్చుని, "నెమ్మదిగా, నెమ్మదిగా, అది ముల్లు, మేకు కాదు!" అని అందరినీ కసురుతుంటారు.

నిన్న దుకాణానికి ఒక చిన్న పార్సిల్ వచ్చింది. ఎనిమిదోది. ఎరుపు డబ్బా, ఇంకా చవక. చేతిలో ఉన్న అద్దాన్ని ఫ్రేములో కూర్చి, గిరాకీ ముక్కుమీద సరిచేసి పంపాక, ముల్లక్క గల్లా దగ్గరే నిలబడి పార్సిల్ విప్పడానికి కత్తెర తీసుకుంది.