సర్దార్ సెలవు వంతు

1984 జనవరిలో, ఉదయం ఆరున్నరకి విశాఖపట్నం స్టేషన్లో దిగాను. అంతకుముందు రెండేళ్లు రాజస్థాన్ ఇసుకలో ఉన్నాను. వెంట ఇనప ట్రంకు, పరుపుచుట్ట, గ్రౌండ్‌షీటు, రెండు జతల బూట్లు. రాజస్థాన్లో ఎండకి పగిలిన బూటు తోలు ఇక్కడ వారం తిరక్కుండా బూజు పట్టింది.

మా డిటాచ్‌మెంటు అంటే పటాలం నుంచి విడిగా పంపిన చిన్న జట్టు, రేవు లోపల ఒక రేకుల షెడ్డులో. ఎనిమిది మందిమి. అండమాన్‌లో ఉన్న పటాలాలకి బియ్యం, కిరోసిన్, గుడారాలు ఓడ ఎక్కించడం మా పని. ఆరు నుంచి రెండు దాకా ఒక షిఫ్టు, రెండు నుంచి పది దాకా ఇంకొకటి. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ. పక్కన ఇనప ఖనిజం కుప్పలు. గాలి ఇటు తిరిగిందంటే కంచంలో అన్నం కూడా ఎర్రబడేది. శత్రువు లేడు. తుపాకిని తుడవడానికే తప్ప ఆ ఏడాదంతా నేను చేత్తో ముట్టుకోలేదు. అందుకని ఈ జ్ఞాపకాల్లో యుద్ధం కోసం వెతక్కండి. నేను చేసిన ఒక బేరం మాత్రమే ఉంది.

మాది అనకాపల్లి బజారు. ఇంట్లో అందరివీ దుకాణాలే. కొనేవాడి చెప్పులు చూసి ధర చెప్పడం నాకు పదేళ్లకే వచ్చు. పటాలంలో చేరిననాడు మా నాన్న, “వీడు కర్నలు గారితో కూడా బేరమాడతాడు” అన్నాడు. కర్నలు దాకా వెళ్లే అవసరం రాలేదు. షెడ్డు గోడకి ఒక కాగితం ఉండేది, సెలవుల వంతుల కాగితం. ఎనిమిది మందిలో ఒక్కడే సెలవులో ఉండాలి, నెల రోజులు. ఒకడు వస్తేనే ఇంకొకడు వెళ్లాలి. ఇద్దరూ ఒప్పుకుంటే వంతులు మార్చుకోవచ్చు, మా షెడ్డు అధికారి సుబేదార్ సాబ్ అడ్డు చెప్పడు. ఆ మార్పిళ్లన్నీ నా చేతుల మీదుగానే జరిగేవి. వంటవాడి మే నెల రేడియో ఆపరేటర్‌కి, ఆపరేటర్ జూన్ స్టోర్‌మన్‌కి. అందరూ నాకు దండం పెట్టేవారు. పెళ్లిళ్ల పేరయ్యకి కూడా అంత మర్యాద ఉండదు.

మా లారీ డ్రైవరు సర్దార్. పంజాబు సిక్కు, తలపాగా, గుండెల దాకా గడ్డం. విశాఖ వచ్చి అయిదేళ్లు. తెలుగు చేపల రేవులో నేర్చుకున్నాడు కాబట్టి అతని నోటి వెంట పుస్తకం తెలుగు ముక్క ఒక్కటీ రాదు. ఎవరు కనబడినా “ఏటి బావా, ఏటి సేత్తన్నావ్?” అనేవాడు. సుబేదార్ సాబ్ కుమావూ కొండల మనిషి. ఆయన్ని కూడా ఒకసారి బావా అనేసి రెండు రోజులు గోడౌన్ తుడిచాడు.

రేడియో ఆపరేటర్ రోజూ ముఖ్యమైన వార్త ఒక పలక మీద సుద్దతో రాసిపెట్టేవాడు. ఏప్రిల్లో మనవాడొకడు ఆకాశంలోకి వెళ్లాడని రాశాడు. ఆ రోజు సర్దార్ అందరికీ జిలేబీ పెట్టాడు. జూన్లో అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలోకి పటాలాలు వెళ్లాయని రాశాడు. సర్దార్ ఆ పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత అతను ఏమీ అడగడం మానేశాడు. కొత్త టైరు కావాలన్నా అడిగేవాడు కాదు, అడిగితే ఎవరేమనుకుంటారో అని. ఇంటి నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఆగస్టులో మా రాష్ట్రంలో ముఖ్యమంత్రిని దించారు, ఊరంతా బందులు, లారీ గేటు దాటలేదు. నెల తిరిగేసరికి మళ్లీ ఎక్కించారు.

కాగితం మీద సెప్టెంబరు ఆఖరి వారం నుంచి సర్దార్ వంతు. ఆ తర్వాతది, అక్టోబరు ఇరవైతొమ్మిది నుంచి, నాది.

మా బజారువాళ్లు ఏటా దసరాకి నాటకం వేస్తారు. ఆ ఏడు దసరా సర్దార్ వంతులో పడింది; రాజు వేషం నాకిస్తామని కబురు పంపారు. కిరీటం, గద, రెండు పద్యాలు. మిలటరీవాడు రాజైతే నిండుగా ఉంటుందన్నారు. ఇంతే సంగతి. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. లేదు.

సెప్టెంబరు రెండో వారంలో, డ్యూటీ దిగాక, సర్దార్ లారీ బానెట్ ఎత్తి ఉండగా వెళ్లాను.

“సర్దారూ, సెలవుకి ఎప్పుడెల్తావు?”

“ఏటి బావా, తెలీనట్టు అడుగుతన్నావ్? గోడ మీద ఉన్నాది కదా. మాయమ్మ కాడినుంచి మూడు నెల్లయి ఉత్తరం నేదు. బతికుందో నేదో సూసి రావాల.”

“అదే సెప్దామని ఒచ్చాను. పైనుంచి కబురొచ్చిందట. పంజాబు సెలవులు ఈ నెల్లో ఆపీమన్నారట. అక్టోబరు ఆకర్న అయితే ఒదిలేత్తారట.”

అలాంటి కబురేదీ రాలేదు. నేనే అల్లాను.

“ఎవులు సెప్పారు?”

“ఎవులైతే ఏటి? సాబ్‌ని మాత్రం అడక్కు. అడిగితే నీ పేరు మీద గీత పడిపోతాది.”

అడగడని నాకు తెలుసు. అడగలేడని తెలిసే ఆ మాట అన్నాను.

అతను గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. “మరేటి సెయ్యాల బావా?”

“నా వంతు నువ్వు తీసుకో. అప్పటికన్నీ సర్దుకుంటాయి. నీది పాడైపోకుండా నాను వాడుకుంటాను. పైగా నీ రెండు ఆదివారాల డ్యూటీ నాను సేత్తాను.”

బేరం కుదిరాక కొసరు వేస్తే కొన్నవాడికి అనుమానం రాదు. దుకాణంలో నేర్చుకున్నదే.

“పెద్ద మనసు బావా నీది” అన్నాడు సర్దార్.

దసరాకి వెళ్లాను. రెండో పద్యం మధ్యలో మరిచిపోయాను. జనం ఈలలు వేశారు, కిరీటం ముక్కు మీదకి జారింది.

అక్టోబరు ఇరవైతొమ్మిదిన సాయంత్రం సర్దార్‌ని ఢిల్లీ బండి ఎక్కించాను. అతని ట్రంకు నేనే మోశాను. అమ్మ కోసం జీడిపప్పు, ఒక పట్టు చీర కొన్నాడు. “ఒస్తాను బావా” అని బండి మలుపు తిరిగేదాకా చెయ్యూపాడు.

ముప్పైఒకటిన ప్రధానిని కాల్చారు. కాల్చినవాళ్లు సిక్కులని సాయంత్రానికి అందరికీ తెలిసింది. ఆపరేటర్ పలక మీద ఒక్క మాటే రాసి సుద్ద పక్కన పెట్టేశాడు. మర్నాటికి ఢిల్లీ నుంచి ఇంకో రకం వార్తలు వచ్చాయి, సిక్కుల్ని వెతికి చంపుతున్నారని. ఆపరేటర్ సెట్టు ముందు నుంచి లేవలేదు.

“రేవు షెడ్డు నుంచి. మా డ్రైవరు ఢిల్లీ బండిలో ఉన్నాడు. ఓవర్.”

“బండ్లు ఎక్కడివక్కడ ఆగాయి. డ్రైవరు పేరు? ఓవర్.”

“సర్దార్. ఓవర్.”

“విన్నాను. ఔట్.”

సుబేదార్ సాబ్ గోడ మీద కాగితం దగ్గరకి వెళ్లి వేలు పెట్టి చూశాడు. “ఈ వంతు నీది కదా?”

“మార్చుకున్నాం సాబ్.”

“ఎవరడిగారు?”

“అతనే సాబ్.”

నన్ను ఎవరూ అనుమానించలేదు. అయినా ఆ మాట అన్నాను.

ఇరవై రోజులు ఏ కబురూ లేదు. సర్దార్ మంచం మీద దుప్పటి మడత అలాగే ఉంది. ఆ తర్వాత ఒక మిలటరీ ఆస్పత్రి నుంచి సందేశం వచ్చింది, రైలు మీద పడ్డ రాళ్లకి దెబ్బ తగిలి అక్కడున్నాడని, బతికే ఉన్నాడని. డిసెంబరు మొదట్లో పలక మీద భోపాల్ అని పడింది. చచ్చిపోయినవాళ్ల లెక్క రోజూ పెరిగింది. ఆపరేటర్ చెరిపి రాసి, చెరిపి రాసి, చివరికి పలక తిప్పి గోడకి ఆనించేశాడు.

డిసెంబరు రెండో వారంలో సర్దార్‌ని తీసుకురమ్మని లారీ ఇచ్చి నన్ను స్టేషన్‌కి పంపారు. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా తలపాగా కోసం వెతుకుతూ నడిచాను. వెనక నుంచి పిలుపు వినబడింది.

“ఏటి బావా, నన్ను దాటీసి ఎల్లిపోతన్నావ్?”

గొంతు అతనిదే. మనిషిని పోల్చలేకపోయాను. తల మీద గుడ్డ టోపీ. ఆస్పత్రిలో గొరిగేసిన గడ్డం ఇప్పుడే మొలుస్తోంది. నుదురు, ముక్కు ఎండకి కమిలి ఉన్నాయి. దవడలు మాత్రం అద్దె ఇంట్లో కొత్తగా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉన్నాయి. గడ్డం మొలిచాక ఆ చర్మానికి ఎండ తగల్లేదు.

లారీ దగ్గర నా చేతిలో తాళం తీసుకుని తనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పాత పోస్టాఫీసు దాటాక చెప్పాడు.

“ఢిల్లీ ఇంకా రెండు గంటలుందనగా బండి ఆపీసారు బావా. మా బోగీలో ముగ్గురం. నాను, ఒక సిపాయి, ఒక ముసలాయన. పక్క బెర్తు ఆవిడ కత్తెర తీసింది. నాను తల ఒంచీసాను. ఆ సిపాయి ఒంచలేదు.”

“ముసలాయన?”

“ఇద్దర్నీ దించీసారు.”

రైలు గేటు పడింది. లారీ ఆపాడు.

“మీయమ్మ?”

“బతికే ఉన్నాది. ఆస్పత్రికి ఉత్తరమొచ్చింది. ఎల్లలేదు బావా. ఈ తలట్టుకుని మాయమ్మ ఎదురుగా ఎలగ నిలబడతాను? పెరగనీ, ఎల్తాను.” గూడ్సు బండి పెట్టెలు ఒక్కొక్కటే దాటుతున్నాయి. “నువ్వు నీ వంతు ఇయ్యకపోతే నాకీ ఏడు సెలవే దొరికీది కాదు. నా మూలాన సాబ్ దగ్గర నీకు మాటొచ్చిందేటి?”

“లేదు” అన్నాను.

గేటు లేచేదాకా అయిదు నిమిషాలు పట్టింది. చెప్పడానికి సరిపోయే సమయం. కిటికీలోంచి గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాను.

ఫిబ్రవరిలో నాకు బదిలీ వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లకి పటాలం వదిలి అనకాపల్లి వచ్చేశాను. దుకాణంలో కూర్చుంటాను. ఎనభైనాలుగు మాట వస్తే జనం ప్రధాని గురించి, భోపాల్ గురించి అడుగుతారు. చెబుతాను, బాగానే చెబుతాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. సర్దార్‌కి కూడా.

బదిలీకి ముందు, జనవరిలో ఒక పొద్దున్న, ఆరు కాకముందు, షెడ్డు వెనక కుళాయి దగ్గర అతను తలస్నానం చేసి లేచాడు. నన్ను చూడలేదు. రెండు చేతులూ పైకెత్తాడు. నడినెత్తి మీద, ఎప్పటి జుట్టు ఉన్నట్టే, పోగుచేసి, మెలితిప్పి, ముడి వేయబోయాడు. వేళ్లకి ఏమీ తగల్లేదు. చేతులు కాసేపు అక్కడే ఉన్నాయి.