ఏడుపుకి యాస లేదన్న పెద్దక్క

మా పెద్దక్క మంగళవారం పొద్దున పోయింది. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. అక్షరాలు వంకర పోయినా, తప్పులు దొర్లినా మన్నించండి. ఆమె గురించి ఎవరో ఒకరు రాయాలి కదా అని కూర్చున్నాను.

ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో గుంపు గొంతులిచ్చే ఆడవాళ్ళందరికీ ఆమె పెద్దక్కే. తెర మీద పెళ్ళి జరిగితే గలగలా మాట్లాడేది మేమే, శవం లేస్తే ఏడ్చేదీ మేమే. మా పేర్లు ఎక్కడా పడవు.

మా ఆయన షూటింగ్ వ్యాను నడుపుతాడు. పెళ్ళైన కొత్తలో నన్ను టోలిచౌకి నుంచి తీసుకొచ్చి ఆమెకు అప్పజెప్పాడు. అందరం మైకు చుట్టూ నిలబడేవాళ్ళం. నేను వెనకాల గోడకు ఆనుకుని, గొంతు సగమే విడిచేదాన్ని. చదువు లేనిదాన్ని, సినిమా మాట రానిదాన్ని, ఇంకెవరో ఉండాల్సిన చోట దూరానని, ఇవాళ కాకపోతే రేపు పంపేస్తారని భయం.

ఒకరోజు రావలసిన ఆవిడ రాలేదు. కొడుకు శవం మీద పడి ఏడ్చే తల్లికి గొంతు కావాలి. పెద్దక్క నన్ను మైకు ముందుకు తోసింది. గుండెలు బాదుకుంటూ ఏడుపు ఎత్తుకున్నాను.

అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీరు, "ఎవరమ్మా ఆ గాజులు? ఏడుపు కంటే అవే గట్టిగా వినబడుతున్నాయి!" అన్నాడు. అందరూ నవ్వారు. గాజులు తీసి రావాలని నాకు తెలుసు. కొత్త పెళ్ళికూతుర్ని, తీయబుద్ధి కాలేదు.

"నేను పోత అక్కా. నాతోని గాదు. నా మాటనే గిట్లుంటది," అన్నాను.

"ఏడుపుకి యాసేంటే పిచ్చి పిల్లా?" అంటూ తన చేతిరుమాలు నా గాజుల మీద బిగించి కట్టింది. "తీయక్కర్లేదు. చప్పుడు కాకుండా చూసుకో, చాలు. భయమైనా అంతే."

"నీకు భయం లేదా అక్కా?"

"ఎందుకు లేదూ! మద్రాసు నుంచి వచ్చిన కాణ్ణించీ, ఇవాళ పంపేస్తారనుకుంటూనే వస్తున్నా. పంపడం వాళ్ళ పని. అది కూడా మనమే చేసిపెట్టాలా?"

ఆ రోజు ఏడ్చాను. ఇంజనీరు తలెత్తకుండానే "ఓకే" అన్నాడు. అప్పట్నుంచి ఆమె నన్ను తన పక్కనే నిలబెట్టుకుంది.

మొన్న చలికాలంలో ఆమె గొంతుకే జబ్బు చేసింది. ఆపరేషన్ తర్వాత మాట పూర్తిగా పోయింది. శ్రీనగర్ కాలనీలో ఆమె గదికి వెళ్ళి, "పెద్ద వేషానికి నన్ను డబ్బింగ్ చెప్పమన్నరక్కా. నువ్వు లేకుంట నాతోని గాదని వద్దన్న," అన్నాను. మంచం పట్టె మీద అరచేత్తో కొట్టింది. పెదాలు గబగబా కదిలాయి. ఏం తిట్టిందో, ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడగనూ లేదు.

శ్మశానానికి అందరం వెళ్ళాం. తెర మీద ఎన్ని శవాలకో ఏడ్చిన వాళ్ళం. అక్కడ మాలో ఒక్కరికీ గొంతు పెగల్లేదు.

శుక్రవారం మళ్ళీ పని. "మైకు ముందు ఎవరూ లేరేంటమ్మా?" అన్నాడు ఇంజనీరు. అది పెద్దక్క నిలబడే చోటు. నన్ను ఎవరూ తోయలేదు. నేనే వెళ్ళి నిలబడ్డాను.

దీపాలు ఆర్పారు. తెర మీద ఎవరో ముసలావిడ నోరు తెరిచి ఏడుస్తోంది. ఆమెకు ఇంకా గొంతు లేదు.