కింది నుంచి కూడిన నవల

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాల్లో నాకా నవల దొరికింది. అట్ట లేదు. పేజీలన్నీ ఉన్నాయో లేదో నిలబడి చూసుకునే కొన్నాను. అప్పట్లో మేం నాంపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం: నేను, నా భార్య, బడిలో పాఠాలు చెప్పే నా చెల్లెలు. నేను బట్టల దుకాణంలో లెక్కలు చూసేవాణ్ణి. ఆ విద్య ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నదే.

సాయంత్రాలు వరండాలో నేను పైకి చదివితే వాళ్లిద్దరూ వినేవారు. కథలో అమ్మాయి పొగరుమోతు. తనను కోరి వచ్చిన మంచివాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది. చివరికి తనే అతని గుమ్మం ఎక్కుతుంది, అతను క్షమిస్తాడు. పుస్తకం మూసి నేను తీర్పు చెప్పాను: ఆమె ఒప్పుల కన్నా తప్పులే ఎక్కువ, అతను తలుపు తీయకుండా ఉండాల్సింది అని. చెల్లెలు లేచి లోపలికి వెళ్లింది.

"జర చూస్కోని మాట్లాడున్రి," అంది నా భార్య. "పోయినేడు పెళ్లిచూపుల్ల మీ చెల్లె ఏం చేసిందో యాది లేదా? ఇప్పుడు గాయన మీదనే మనసు పడ్డది. మీరేమో తలుపే తియ్యొద్దంటిరి."

గుర్తొచ్చింది. పెళ్లిచూపులకు వచ్చిన కోర్టు గుమాస్తాకు మాట కొంచెం తడబడేది. మా చెల్లెలు అందరి ముందూ ఆ తడబాటును అనుకరించింది. ఆయన చాయ్ ముట్టకుండా వెళ్లిపోయాడు.

పై నుంచి కూడిన అంకెలను కింది నుంచి మళ్లీ కూడితే గానీ నేను మొత్తాన్ని నమ్మను. ఒకే దారిలో రెండుసార్లు పోతే కన్ను అదే తప్పు మళ్లీ చేస్తుంది. నవలనూ అలాగే, చివరి అధ్యాయం నుంచి మొదటికి చదివాను. ముందు గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి, ఆ తర్వాత ఆ పాత నవ్వు దగ్గరికి వెళితే, అందులో పొగరు కన్నా బెదురే ఎక్కువ కనబడింది. తప్పు తప్పే, దాన్ని కొట్టేయలేదు. కానీ ఆమె అంత దూరం నడిచి రావడాన్ని మొదటిసారి నేను లెక్కలోనే వేయలేదు.

మర్నాడు సాయంత్రం ఆ మాటే ఇద్దరికీ చెప్పాను. చెల్లెలు బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"గట్లయితే తలుపు తీసుడు తప్పు కాదంటవా, అన్నా?"

కాదన్నాను.

"రేపు కోర్టు ఇడిచే యాళ్లకు నాతోటి రా. మాట్లాడేది మాత్రం నేనే."

కోర్టు గేటు దగ్గర ఆమె నేరుగా ఆయన ముందుకే వెళ్లి మాఫీ అడిగింది. ఆయన గొడుగును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆ... ఆ రోజు చా... చాయ్ తాగలే," అన్నాడు. "గిప్పుడు తాగుదామా?"

ఆ వాక్యం పూర్తయ్యేదాకా మా చెల్లెలు కదలకుండా నిలబడి వింది. తర్వాత ముగ్గురం ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కి నడిచాం. నేను కొంచెం వెనకబడే నడిచాను.