కిటికీ కింద ఛార్జింగ్ పాయింట్

వీధిలో అందరూ ఆమెను హారన్ పిన్ని అంటారు. ఎదురుగా అనరు. అంత గుండెధైర్యం ఉన్నవాళ్ళు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. పిన్ని కారు నడపడం నేర్పుతుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని, అదే గొంతు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు లారీలకు భయపడరని పేరు. పక్క సీట్లో పిన్నిని పెట్టుకుని నడిపినవాళ్ళకు లారీ ఒక లెక్కా? పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. చేతులు వణికే పెద్దవాళ్ళను, ఒకసారి గోడకు గుద్ది ఇక స్టీరింగు ముట్టనని ఒట్టేసుకున్నవాళ్ళను కూడా తిట్టి తిట్టి రోడ్డెక్కించింది.

పాత కారు మూలపడ్డాక ఆమె కరెంటు కారు కొంది. చప్పుడు లేని బండి. బండి మూగదైనా ఫరవాలేదు, లోపల పిన్ని ఉందిగా అని వీధి నవ్వుకుంది. పొద్దున ఒక జట్టు, సాయంత్రం ఒక జట్టు నేర్చుకునేవాళ్ళు వస్తారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి కాస్త ఛార్జింగ్ పెట్టుకుంటే దిగుల్లేదు. కాబట్టి ఇంట్లో ఛార్జింగ్ పాయింట్ పెట్టించాలి. ఏ ఇంట్లోనైనా ఇది ఒక పూట పని. ఈ ఇంట్లో కాదు.

అత్తగారు పోతూ పోతూ ఇంటిని ఇద్దరు కొడుకులకూ పంచింది. పై అంతస్తు పెద్దవాడికి, అంటే పిన్ని భర్తకు. కింది అంతస్తు చిన్నవాడికి. గదులు పంచింది, గిన్నెలు పంచింది, కరెంటు పంచడం మరిచిపోయింది. మొత్తం ఇంటికి ఒకటే కనెక్షను, మెట్ల కింద ఒకటే మెయిన్ స్విచ్చు. విడదీయించుకోవాలంటే అన్నదమ్ములిద్దరూ కలిసి వెళ్ళి అడగాలి. కలిసి వెళ్ళాలంటే ముందు ఒకరు రెండోవారిని పిలవాలి. ఆ పిలిచేదెవరన్న దగ్గరే ఏళ్ళు గడిచిపోయాయి.

ఎందుకంటే పిన్నికీ, కింద ఉండే తోడికోడలికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఎప్పుడు మొదలైందంటే, తోడికోడలు కొత్త ఓవెన్ కొని మొదటి కేకు చేసి అందరినీ పిలిచిన రోజు. పిన్ని ముక్క కోయబోయి, "చాకు చాలదే, రంపం తీసుకురా" అంది. అందరూ నవ్వారు. తోడికోడలు నవ్వలేదు. మర్నాడు మెట్ల దగ్గర ఎవరితోనో, "కొందరికి పళ్ళున్నది తినడానికి కాదు, కరవడానికి" అంది, పైకి వినపడేట్టుగా. ఇక అక్కడినుంచి ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెం.

కానీ ఆ పిల్ల పట్టుదల మనిషి. రంపం మాట గుండెలో పెట్టుకుని చెయ్యి తిప్పుకుంది. కిందటి రెండేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఏ పుట్టినరోజుకైనా కేకు ఆమె ఓవెన్ నుంచే పోతోంది. మరిది కంపెనీవాళ్ళు జీతాలు సగం చేశాక కింది ఇల్లు ఆ ఓవెన్ మీదే నడుస్తోంది. ఈ సంగతి పిన్నికి తెలుసు. తెలియదని తర్వాత చెప్పుకోవడానికి వీల్లేనంత బాగా తెలుసు.

ఛార్జర్లు బిగించే మెకానిక్ వచ్చి మెట్ల కింద పెట్టె తెరిచి చూశాడు. కింద ఓవెన్ ఉందని తెలిసి తల గోక్కున్నాడు.

"మేడం, మీకు తెలివైన రకం పెడతాను. అది ఇంట్లో ఎంత కరెంటు వాడుతున్నారో చూసుకుంటుంది. కింద ఓవెన్ వేస్తే అది తగ్గుతుంది, ఓవెన్ ఆపితే పెరుగుతుంది. మిగిలిందే బండికి ఇస్తుంది. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

పిన్ని చేతులు కట్టుకుంది. "అంటే వాళ్ళు తినగా మిగిలింది నా బండి తినాలా?"

"అలా కాదు మేడం..."

"అలాగే చెప్పావు. పోనీ, నా బండి తినగా మిగిలింది వాళ్ళ ఓవెన్‌కి పోయే రకం ఉందా?"

"అలాంటిది ఎవరూ చెయ్యరండి. పోనీ నెమ్మదిగా ఎక్కే చిన్నది పెట్టనా? రాత్రంతా పెట్టుకుంటే తెల్లారేసరికి నిండుతుంది. మధ్యాహ్నం ఓవెన్‌తో పాటు నడిచినా పేచీ రాదు, కాకపోతే కాస్తే ఎక్కుతుంది."

"కాస్త ఎక్కడానికా నేను బండి కొన్నది? పెద్దది పెట్టు. తెలివి అక్కర్లేదు దానికి, నాకుంది."

"రెండూ ఒకేసారి వేస్తే మెయిన్ పడిపోతుంది మేడం."

"పడితే వాళ్ళు ఆపుకుంటారు."

ఆమె భర్తను వీధి బాబాయి అంటుంది. కళ్ళద్దాల దుకాణంలో పని. ఊరందరికీ చూపు సరిచేస్తాడు, ఇంట్లో మాత్రం ఏదీ చూడనట్టు ఉంటాడు. ఆయన ఎన్నడూ లేనిది నోరు విప్పి, "అతను చెప్పిన మొదటిదే నయం కదా" అన్నాడు. పిన్ని ఒక చూపు చూసింది. ఆయన మళ్ళీ నోట్లో నాలుక లేని మనిషైపోయాడు.

ఇక ఎక్కడ బిగించాలన్నది. గేటు పక్క స్తంభానికైతే నీడ, వైరు కూడా దగ్గర అన్నాడు మెకానిక్. పిన్ని వాకిలంతా ఒకసారి తిరిగి, సరిగ్గా తోడికోడలి వంటింటి కిటికీ కింద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ ఎండ కొడుతుంది మేడం" అంటే, "కొట్టనీ" అంది. కార్డు తాకిస్తేగానీ పనిచెయ్యని, తాళం ఉన్న రకం కావాలంది.

"కింద వాళ్ళకి కూడా కరెంటు కారుందా?" అని అడిగాడతను.

"సైకిలు కూడా లేదు."

"మరి తాళం ఎందుకండీ?"

"ఉండాలి."

ఛార్జర్‌కి విడిగా ఉండే స్విచ్చును కూడా కింద పెట్టనివ్వలేదు. పైన తన వరండాలో పెట్టించుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి ఎదురు చెప్పి లాభం లేదని మెకానిక్ అడిగినట్టే బిగించి, బతుకు జీవుడా అని వెళ్ళిపోయాడు.

మొదటి మధ్యాహ్నమే మెయిన్ పడింది. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒక్కసారి ఆగాయి. తోడికోడలు బయటికొచ్చి మెట్ల కింద స్విచ్చు పైకి లేపింది. మళ్ళీ పడింది. కిటికీ కింద వెలుగుతూ ఆరుతూ ఉన్న పెట్టెను అప్పుడు చూసింది. పైన పిన్ని చెమటలు కక్కుతూ కూర్చుంది, కింద ఆమె చెమటలు కక్కుతూ నిలబడింది. ముందు తగ్గిన వాళ్ళు ఓడినట్టు. ఆ రోజు తోడికోడలు తగ్గింది, పిన్ని ఆ పూట కడుపునిండా అన్నం తింది.

తర్వాత ఆ పిల్ల పొద్దున్నే ఓవెన్ వేసుకోవడం మొదలుపెట్టింది. నిజానికి పేచీ అక్కడితో తీరిపోవాలి. కానీ పిన్ని ఏం చేసిందంటే, రాత్రి పెట్టుకోవాల్సిన ఛార్జింగును తెల్లారగట్ల, పొద్దుటి జట్టు రాకముందుకు మార్చింది. ఎందుకని బాబాయి అడిగితే బ్యాటరీకి మంచిదంది. ఏ బ్యాటరీకి మంచిదో దేవుడికెరుక. మొదటి రోజు పెట్టుకున్నది బండి అవసరమనుకోవచ్చు. ఇక ఇది పగ, దీనికి వేరే పేరు లేదు. తోడికోడలు బావగారితో కబురంపింది: "అక్క ఏ వేళల్లో పెట్టుకుంటుందో చెప్తే, ఆ వేళ తప్పించి నేను సర్దుకుంటాను." బాబాయి నీళ్ళు నములుతూ ఆ మాట మోసుకొచ్చాడు.

"నా బండి, నా ఇష్టం. ఆమెకి టైంటేబుల్ రాసివ్వడానికి నేనేమన్నా బడి నడుపుతున్నానా?"

"బడేగా నువ్వు నడిపేది," అన్నాడు బాబాయి. ఆ ఒక్క మాటకు ఆయనకు రెండు రోజులు పలకరింపు లేదు.

అప్పుడొచ్చింది పెద్ద ఆర్డరు. ఒక పెద్ద ఆఫీసువాళ్ళు తమ వార్షికోత్సవానికి మూడంతస్తుల కేకు, దాంతో పాటు పళ్ళేలకు పళ్ళేలు చిన్న కేకులు అడిగారు. నచ్చితే ఇకనుంచి నెలనెలా తీసుకుంటామన్నారు. ముందురోజు సాయంత్రం తోడికోడలు మెట్లెక్కి పైకొచ్చింది. అత్తగారు పోయాక ఆమె ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. గడప దాటలేదు. చేతికి పిండి అలాగే ఉంది.

"అక్కా, రేపు ఒక్క మధ్యాహ్నం బండి పెట్టకు. నీకు తప్పదంటే చెప్పు, వేరే ఎక్కడైనా కాల్పించుకుంటాను. పెట్టనంటే మాత్రం ఇక్కడే చేసుకుంటాను."

ఇంతకన్నా తిన్నగా ఎవరూ అడగలేరు. అవునో కాదో చెప్తే సరిపోయేది. కాదన్నా సరే, ఆ పిల్ల దారి చూసుకునేది. పిన్ని బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా, "చూద్దాంలే" అంది. ఆ "లే" విని తోడికోడలు ఊపిరి పీల్చుకుంది. మెట్లు దిగేటప్పుడు ఆమె అడుగులు తేలిగ్గా పడటం పిన్ని విన్నది. ఎందుకో అది కూడా నచ్చలేదు.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని బండి తెచ్చి వాకిట్లో పెట్టింది. బ్యాటరీ సగానికి పైనే ఉంది. సాయంత్రం జట్టుకు అది చాలు, ఇంకా మిగులుతుంది కూడా. ఆమె ఆ అంకె చూసింది. కిటికీలోంచి వెన్న వాసన, తీపి వాసన, పిల్లల్ని గదమాయిస్తూ నవ్వుతున్న తోడికోడలి గొంతు వచ్చాయి. సరిగ్గా ఆ నవ్వు దగ్గర పిన్నికి ఒళ్ళు మండింది. వైరు తీసి బండికి తగిలించి, కార్డు తాకించి, మెట్లెక్కి పైకి పోయి, తలుపు గడియ పెట్టుకుని పడుకుంది.

ఫ్యాన్ ఆగింది. కింద పరుగు వినిపించింది. స్విచ్చు లేచింది, పడింది. లేచింది, పడింది. "అక్కా!" అని పిలుపు. "అక్కా, వైరు రావట్లేదు, తాళం తియ్యి!" పిన్ని కళ్ళు మూసుకుంది. నిద్ర పట్టిన మనిషిలా ఊపిరి తీసింది, చూసేవాళ్ళెవరూ లేకపోయినా. వరండా స్విచ్చు మంచానికి నాలుగడుగుల దూరం. లేవాలని ఒక క్షణం అనిపించిన మాట నిజం. ఇప్పుడు లేస్తే ఇందాక వినపడిందని ఒప్పుకున్నట్టవుతుందని లేవలేదు. మూడో పిలుపు తర్వాత ఇక పిలుపు రాలేదు.

సాయంత్రం కిందికి దిగేముందు పిన్ని జవాబులన్నీ సిద్ధం చేసుకుంది. నిద్రపోయాను, వినపడలేదు, నాకూ పనుంది, చూద్దామన్నానేగానీ మాటిచ్చానా. ఎవరూ ఏమీ అడగలేదు. వంటింటి గట్టు మీద మధ్యలో కుంగిపోయిన కేకులు వరసగా ఉన్నాయి. తోడికోడలు వాటిని ఒక్కొక్కటీ గిన్నెలోకి గీకుతోంది. తల తిప్పలేదు. పోట్లాడి ఉంటే పిన్నికి ప్రాణం హాయిగా ఉండేది.

ఆఫీసువాళ్ళు మళ్ళీ రాలేదు. వాళ్ళు నలుగురికి చెప్పారేమో, మిగిలిన ఆర్డర్లూ పల్చబడ్డాయి. ఒక ఆదివారం ఇద్దరు మనుషులు చిన్న బండి వేసుకొచ్చి ఓవెన్ ఎత్తుకుపోయారు. కొన్నవాళ్ళు. పిన్ని వరండాలోంచి చూసింది. "పీడ పోయింది" అందామని నోరు తెరిచింది. పక్కన బాబాయి నిలబడి ఉన్నాడు. ఆయన ఈసారి చూడనట్టు లేడు, నేరుగా ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆ మాట బయటికి రాలేదు.

అప్పటినుంచి మెయిన్ ఒక్కసారీ పడలేదు. ఎప్పుడు పెడితే అప్పుడు బండి నిండా ఎక్కుతోంది. పిన్ని కోరుకున్నది ఇదే. వైరు తగిలించేటప్పుడు మాత్రం కిటికీ వైపు చూడకుండా పక్కకు తిరిగి తగిలిస్తోంది.

నెల తిరక్కముందే ఒక పొద్దున్న పిన్ని ఒక బ్యాంకు గుమాస్తాకు నేర్పుతూ ఊరి చివర రోడ్డు మీదికి వచ్చింది. ఆ రోడ్డున ఒక పెద్ద బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉంది. రోడ్డు పక్కన ఒక మనిషి చేతిలో టిఫిన్ డబ్బాతో గబగబా నడుస్తోంది. జుట్టుకు ఫ్యాక్టరీవాళ్ళిచ్చే తెల్ల టోపీ. నడక చూసి పిన్ని పోల్చుకుంది. నేర్పేవాళ్ళకోసం పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. గుమాస్తాకు చెప్పకుండానే దాన్ని తొక్కేసింది. బండి సరిగ్గా ఆమె పక్కన ఆగింది.

పిన్ని అద్దం దించింది. ఇన్నేళ్ళలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఎక్కు. దింపేస్తాను."

తోడికోడలు ఆగింది. బండిని చూసింది, పిన్నిని చూసింది.

"వద్దులే అక్కా. ఛార్జింగ్ అయిపోతుందేమో."

గొంతులో వెటకారం లేదు. నిజంగానే జాగ్రత్త చెప్పినట్టు అంది. అని, డబ్బా చెయ్యి మార్చుకుని, ముందుకు నడిచింది.

"ఎవరండీ ఆవిడ?" అన్నాడు గుమాస్తా.

"మా ఇంటి మనిషే."

"ఎక్కలేదే?"

పిన్నికి సిగ్గేసింది. పరాయి మనిషి పక్కన, పట్టపగలు, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత సిగ్గు. ముందు ఆ తెల్ల టోపీ చిన్నదైపోతోంది.

"పోనివ్వండి," అంది.

గుమాస్తా ఆక్సిలరేటరు నొక్కాడు. బండి కదల్లేదు. మళ్ళీ నొక్కి, కిందికి చూసి, భయపడుతూనే చెప్పాడు.

"మేడం, మీ కాలు బ్రేకు మీదే ఉందండి."