ఒకే సీసాలో రెండు వంశాలు

సూక్ష్మజీవుల పరిశోధనశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసిన ఆ సహాయకుణ్ణి అందరూ దీపాలాయన అనేవారు. పక్కన స్పిరిటు దీపం వెలగనిదే ఆయన సీసా మూత తీసేవారు కారు. తీగ కొసను ఎర్రగా కాల్చి, చల్లార్చి, జీవులను ఒక గాజుపళ్ళెం నుంచి మరొక దానికి మార్చడం ఆయన ఉద్యోగం. సర్వీసు పుస్తకంలో మందలింపుల గడి అన్నాళ్ళూ ఖాళీగానే ఉండినది. పదవీ విరమణకు మూడు నెలలుండగా దానిని నింపవలసిన అవసరం డైరెక్టరు గారికి కలిగింది.

కారణం గోడమీద వేలాడుతున్నది. తొలి జీవులు మొదలుకొని నేటి సూక్ష్మజీవుల వరకు డైరెక్టరు గారు స్వహస్తాలతో గీసిన వంశవృక్షమది. అందులో తల్లి కణం ఇచ్చిన జన్యువులు తప్ప, పిల్ల కణం ఇరుగుపొరుగుల నుంచి సూదిమొనంత కూడా పుచ్చుకోదు. ఇంతటి మర్యాదస్థుల కుటుంబం మనుషుల్లో కానరాదు.

ఆ వృక్షంలో బహుదూరపు కొమ్మలకు చెందిన రెండు జీవులను, ఇంక్యుబేటరులో చోటు చాలనందున, ఒకే సీసాలో పెంచవలసిందిగా డైరెక్టరు గారే ఆదేశించారు. నాలుగేళ్ళ తరువాత వేరు చేయమన్నారు. దీపాలాయన వేరు చేశారు. తీరా చూస్తే, పాదరసం తగిలితే చావవలసిన పచ్చజీవి అందులోనే సుఖంగా పెరుగుతున్నది. ఆ ఓర్పు సీసాలో దాని పొరుగైన ఎర్రజీవి సొత్తు.

"పచ్చదాంట్లో ఎర్రది మిగిల్చేశావయ్యా! చెయ్యి వణుకుతున్నట్టుంది," అన్నారు డైరెక్టరు గారు.

"వణికే చెయ్యయితే ఈపాటికి దీపంలో కాలిపోయేదండీ. చూడండి, ఒక్క బొబ్బయినా ఉందా?"

"అజాగ్రత్త అని ఒప్పుకుని సంతకం పెట్టు. మందలింపుతో సరిపెడతాను."

పటం తప్పు కావడంకన్నా మనిషి తప్పు కావడం కార్యాలయానికి ఎప్పుడూ సులభమే.

ఆ కాగితాన్ని ఇంట్లో భార్య చదివారు.

"పెట్టేయండి, మూడు నెలలేగా!"

"చెయ్యని తప్పు నా పేరున ఉండిపోతుందే."

"మరి ఆ పచ్చదానికి ఆ విద్య ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదే అర్థం కావట్లేదు."

"నాలుగేళ్ళు పక్కపక్కనే ఉన్నాయిగా! మీ చెల్లెలు నాలుగు రోజులుండి వెళ్తే మన పిల్లకి ఆవిడ వెటకారమంతా వచ్చేసింది. అదేమన్నా ఆవిడ కడుపున పుట్టిందా?"

దీపాలాయన సంతకం పెట్టలేదు. తనను బాబాయ్ అని పిలిచే, డైరెక్టరు గారి తరువాతి స్థానంలోని రెండో సైంటిస్టు గారిని మరునాడు ఆశ్రయించారు. ఒక్క పచ్చ కణం నుంచి మొలిచిన చుక్కను కొత్త పళ్ళెంలో గీయడం, అందులోంచి మళ్ళీ ఒక్క చుక్కే తీయడం, ఇలా పన్నెండుసార్లు, ప్రతిసారీ, సంతకం రానందున డైరెక్టరు గారు వేసిన విచారణ కమిటీ ఎదుటే జరిగింది. తరువాత ఆమె దాని జన్యువులను చదివారు.

"బాబాయ్, ఎర్రది ఒక్క కణం కూడా లేదు. ఇది నిఖార్సయిన పచ్చదే. కాకపోతే దీని జన్యువుల మధ్యలో ఎర్రదాని ముక్కొకటి అతుక్కుని ఉంది. పాదరసాన్ని తట్టుకునే ముక్క!"

"అయితే నేను కలిపింది కాదుగా అమ్మా?"

"మీరు కాదు. అవే ఇచ్చిపుచ్చుకున్నాయి."

నాలుగేళ్ళకే ఇంత జరిగితే, తొలి జీవులు కోట్ల సంవత్సరాలలో ఎంత ఇచ్చిపుచ్చుకున్నాయోనని కమిటీ సభ్యుడొకరు ఆశ్చర్యపడ్డారు. ఆనాటి జీవులు తల్లుల నుంచే కాక పొరుగువారి నుంచీ ధారాళంగా పొంది ఉంటాయనీ, వృక్షం అడుగున ఉన్నది ఒకే మాను కాక అల్లుకుపోయిన వల కావచ్చుననీ రెండో సైంటిస్టు గారు మనవి చేశారు. తమకు ఈ అనుమానం మొదటినుంచీ ఉన్నదని డైరెక్టరు గారు గంభీరంగా సెలవిచ్చారు. దానిని అంతకాలం ఎంత భద్రంగా దాచారో!

వారానికి ఉత్తరం వచ్చింది. అజాగ్రత్త అభియోగం ఉపసంహరించడమైనది. అయితే, ముందస్తు అనుమతి లేకుండా జన్యువులు చేతులు మారిన విషయాన్ని సకాలంలో నివేదించనందుకు సంజాయిషీ కోరడమైనది.

దీపాలాయన సవినయంగా బదులు రాశారు. సూక్ష్మజీవుల ఇచ్చిపుచ్చుకోలును ఏ నమూనా పత్రంలో నివేదించవలెనో తెలిపినచో, వెంటనే పూర్తిచేసి సమర్పించగలనన్నారు.

ఆ నమూనా పత్రం కోసం ఫైలు నాలుగు విభాగాలు తిరిగింది. ప్రతి విభాగమూ అది పక్క విభాగంలో ఉండవచ్చునని వ్రాసి, తేదీ వేసి, పంపించింది. ఈలోగా విరమణ దినం వచ్చింది. తేలని విషయాన్ని సర్వీసు పుస్తకంలోకి ఎక్కించరాదని నియమం ఉన్నందున, డైరెక్టరు గారు చివరి పుటలో సంతకం చేసి పుస్తకం చేతికిచ్చారు.

దీపాలాయన నిలబడే పుటలన్నీ తిప్పి చూసుకున్నారు. "సరిపోయిందండీ," అని నమస్కరించి ఇంటికి వెళ్ళారు.