సిగ్నల్ బండ మీద సింబియన్ ఫోను

2007 నవంబరులో నన్ను చింతపల్లి పంపించారు. విశాఖపట్నంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అప్పటికి నేను ప్రాజెక్ట్ లీడ్‌ని. అంటే నా పైన ఒక మేనేజరు, నా కింద ఇద్దరు ప్రోగ్రామర్లు. కొండల్లో కాఫీ పండించే రైతుల సంఘాల కోసం మేం రాసిన అప్లికేషన్ అన్ని ఊళ్లలోనూ బాగానే నడుస్తోంది, ఒక్క ఊళ్లో తప్ప. ఎందుకో కనుక్కుని బాగుచేసి రమ్మన్నారు. నాకు ఆఫీసు ఏసీ పడదు, కొండ చలి పడుతుంది. రెండోమాట అనకుండా స్వెట్టర్ సర్దుకున్నాను.

ఈ కాలం పిల్లలకి సింబియన్ అని చెబితే ఏదో దగ్గు మందు అనుకుంటారు. తొంభైలలో జేబులో పట్టే చిన్న కంప్యూటర్ల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. తర్వాత ఫోన్లలోకి వచ్చింది. నేను చెబుతున్న రోజుల్లో స్మార్ట్‌ఫోనంటే చాలాచోట్ల అదే. ఫోన్లో మెమరీ బహు తక్కువ కాబట్టి అందులో ప్రోగ్రాం రాయడమంటే గయ్యాళి అత్తగారి వంటింట్లో వంట చేసినట్టే. వాడిన ప్రతి గిన్నెనీ కడిగి ఎక్కడిదక్కడ బోర్లించాలి. తీసుకున్న మెమరీ తిరిగి అప్పజెప్పకపోతే ‘పానిక్’ అని ఒక అంకె చూపించి ప్రోగ్రాం ఆగిపోయేది. కుర్రాళ్లు విసుక్కునేవారు గానీ నాకు ఆ క్రమశిక్షణ నచ్చేది. మా ఇంట్లోనూ గిన్నెలు అలాగే ఉంటాయి.

అప్లికేషన్ చేసే పని చిన్నదే. కాఫీ పండు కోశాక మర్నాటికల్లా తోలు తీసే యూనిట్‌కి చేరాలి. ఆలస్యమైతే సంచుల్లో వేడెక్కి పులిసిపోతుంది. యూనిట్ చింతపల్లిలో ఉంది, జీపు ఒక్కటే ఉంది. అందుకని ప్రతి సంఘంలో ఒకరికి ఫోనిచ్చాం. వాళ్లు సాయంత్రం పండు తూచి బరువు కొడితే, తారీఖు, ఊరి కోడు కలిపి ఫోను ఒక మెసేజి పంపుతుంది. దాన్నిబట్టి మా కంప్యూటరు మర్నాడు జీపు ఎటు తిరగాలో చెబుతుంది. ఆ ఫోన్లలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి తెరమీద కనిపించే ప్రతి తెలుగు మాటనీ బొమ్మగా గీయించి పెట్టాం.

కొండల్లో మెసేజిలు ఒక్కోసారి రోజుల తర్వాత చేరతాయి. ఆ పాత కబురు నమ్మి జీపు వెళితే ఘాట్ రోడ్డు మీద డీజిలు దండగ. అందుకే పాత తారీఖు ఉన్న మెసేజిని కంప్యూటరు పక్కన పడేసేలా ముందే అనుకుని రాశాం. ఈ ఊరి మెసేజిలన్నీ అలా పక్కన పడుతున్నాయి. జీపు వెళ్లలేదు. రెండుసార్లు పండు పులిసి పారబోసుకున్నారు.

జీపు బాధ్యత చూసే రాజారావుగారు నర్సీపట్నం మనిషి, నెమ్మదస్తుడే. కానీ నేను దిగగానే ఉన్నమాట చెప్పేశారు. వారంలో ఇది తేలకపోతే ఆ ఊరిని జీపు దారిలోంచి తీసేస్తామన్నారు. తీసేస్తే ఆ ఊరివాళ్లు మళ్లీ పండుని తోలుతోనే ఎండబెట్టి, సంతలో షావుకారు చెప్పిన ధరకి ఇచ్చి రావలసిందే. కోత అప్పుడే ఊపందుకుంది.

మర్నాడు సర్వీసు జీపులో, మిరియాల బస్తాల మధ్య ఇరుక్కుని ఆ ఊరికి వెళ్లాను. ఫోను చూసుకునేది దేవుడమ్మ. నలభై ఏళ్లుంటాయి, అయిదో తరగతి చదివింది, సంఘానికి కార్యదర్శి. నన్ను మంచం మీద కూర్చోబెట్టి బెల్లం కాఫీ ఇచ్చి, మొహమాటం లేకుండా అడిగేసింది. “నాను రోజూ పంపిత్తన్నాను మేడంగారూ. జీపు రానేదు. మీ కంప్యూటరికి మామీద కోపమేటి?”

కోపం లేదని చెప్పి, తప్పులు పట్టుకోవడానికి తెచ్చిన కొత్త వెర్షన్ ఎక్కించబోయాను. ఫోను ఒప్పుకోలేదు. సింబియన్‌లో అప్పటికి ఒక కట్టుబాటు వచ్చింది. ప్రతి అప్లికేషన్‌కీ డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకే చెల్లుతుంది. ఈ సంతకం చెల్లే రోజు ఇంకా రాలేదని ఫోను అంటోంది. పోయిన నెలలో చేసిన సంతకం ఇంకా రాకపోవడమేమిటని తారీఖు చూశాను. ఫోను లెక్కలో అది ఎన్నడో గడిచిపోయిన ఏడాది జనవరి ఒకటి. మెసేజిలు ఎందుకు పక్కన పడుతున్నాయో అర్థమైంది. తారీఖు ఎందుకు వెనక్కి పోతోందో మాత్రం కాలేదు.

అది ఆ సాయంత్రం సిగ్నల్ బండ మీద తెలిసింది. ఊళ్లో సిగ్నల్ లేదు. పైన మిరియాల తోట దాటాక ఒక రాతిబండ మీద మాత్రం దొరుకుతుంది. దేవుడమ్మ వెనకే ఎక్కి చూస్తే అక్కడ అప్పటికే జనం. ఒకామె చీర కొంగు ముడి విప్పింది, ఒకతను చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అన్నిట్లోనూ సిమ్ కార్డులే. హాస్టల్లో ఉన్న పిల్లకి ఒకరు, విశాఖలో తాపీ పనికెళ్లిన తమ్ముడికి ఒకరు మాట్లాడాలి. సిమ్ములు సంతలో కొనుక్కున్నారు. ఫోను మాత్రం ఊరంతటికీ మేమిచ్చినది ఒక్కటే. ఒక్కొక్కరి వంతు రాగానే దేవుడమ్మ బ్యాటరీ ఊడదీసి, వాళ్ల సిమ్ము పెట్టి ఇస్తోంది. అందరిదీ అయ్యాక మా సిమ్ము పెట్టి కాఫీ మెసేజి పంపుతోంది. బ్యాటరీ అన్నిసార్లు ఊడితే ఫోను గడియారం మొదటికొస్తుంది. తారీఖు చెప్పమని ఫోను అడుగుతూనే ఉంది, వెనక వంతువాళ్లు తొందరపెడుతుంటే ఎవరో ఒకరు మీట నొక్కి దాటేస్తున్నారు. మిగతా ఊళ్లు రోడ్డు పక్కవి, అక్కడ ఎవరి ఫోన్లు వాళ్లకున్నాయి.

ఫోను మీదే, కాదనను, అంది దేవుడమ్మ. “ఊర్లో ఫోనొకటే ఉంది. ఇయ్యనంటే నాకీ ఊర్లో నీల్లు పుడతాయేటి?”

ఆవిడ స్థానంలో ఉంటే నేనూ ఇచ్చేదాన్నే.

ఊరికే, నా చేతిగడియారం సరిచూసుకునేదానిలా, ఇవాళ ఎన్నో తారీఖని అడిగాను. ఎవరికీ తెలీదు. తమ్ముడి కోసం వచ్చినతను, “సంతయి మూడ్రోజులయింది మేడంగారు” అన్నాడు. అవునవునని అందరూ ఒప్పుకున్నారు. ఆ మాటలో ఇద్దరికి తేడా రాలేదు. చింతపల్లి సంత వారానికొకసారి, ఏ వారమూ తప్పదు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కంపెనీలో ఏ ప్రమోషన్‌కీ అంత సంబరపడలేదు.

చింతపల్లి తిరిగొచ్చి రాజారావుగారికి చెబితే ఆయన బ్యాటరీ మూతకి జిగురు పెట్టేద్దామన్నారు. పని సులువే. జిగురు పెడితే గడియారం బాగుపడుతుంది, దేవుడమ్మ ఊళ్లో చెడ్డదవుతుంది. రెండు రోజులు టైమివ్వమన్నాను. వారం గడువులో ఇంకా రోజులున్నాయి కాబట్టి సరేనన్నారు.

చింతపల్లిలో గది తీసుకుని, ల్యాప్‌టాప్ ముందు రగ్గు కప్పుకుని కూర్చున్నాను. ఫోను గడియారాన్ని పూర్తిగా పక్కన పెట్టేశాను. బరువు అడిగే ముందు ‘సంతయి ఎన్నాళ్లు?’ అని ఒక తెర వస్తుంది. ‘ఈరోజే సంత’ దగ్గర్నించి ‘రేపు సంత’ దాకా ఏడు మాటలు, ఏడు బొమ్మలు. వాటిలో ఒకటి నొక్కాలి. మెసేజి మాకు చేరిన తారీఖు మా కంప్యూటరికి తెలుసు, ఆ ఊరి సంత ఏ వారమో తెలుసు. రెండూ కలిపితే పండు తూచిన రోజు తేలిపోతుంది. పాత కబురు నమ్మకూడదన్న నియమం అలాగే ఉంది, దానికిచ్చే కొలత మారింది.

మళ్లీ ఊరికెళ్లి, ఫోనుకి చేత్తో తారీఖు పెట్టి, సంతకం ఒప్పించి, ఎక్కించాను. ఆ సాయంత్రం బండ మీద అందరి సిమ్ములూ అయ్యాక దేవుడమ్మ ఆఖరున మాది పెట్టి, సంత బొమ్మ నొక్కి, బరువు కొట్టింది. మర్నాడు ఎండ రాకముందే జీపు వచ్చింది. సంచులు ఎత్తుతుంటే ఆవిడ నా వైపు చూసి, మీ కంప్యూటరు ఇయ్యాల బేగి లెగిసిందే, అంది. డ్రైవరు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

ఆ ఊరు జీపు దారిలోనే ఉండిపోయింది. మరుసటేడు మిగతా ఊళ్లవాళ్లు కూడా సంత తెర మాకూ పెట్టమన్నారు, పెట్టాం. కొన్నేళ్లకి సింబియనే పోయింది. టచ్ ఫోన్లు వచ్చి దాన్ని నెట్టేశాయి. నేను నేర్చుకున్న గిన్నెలు బోర్లించే విద్య ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. దానికి చింతేమీ లేదు.

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లూ, దానిమీద అప్లికేషన్ రాసిన మేమూ ఒక ఫోను ఒక మనిషిదని అడక్కుండానే అనుకున్నాం. చింతపల్లి తర్వాత రిటైరయ్యేదాకా, ఏ పని వచ్చినా నేను మొదట వేసిన ప్రశ్న ఇది ఎంతమంది చేతుల్లో తిరుగుతుందని. ఒక్కరే అని జవాబొస్తే, వెళ్లి చూసి వచ్చాకే కోడ్ మొదలుపెట్టేదాన్ని.